బొమ్మ బండి అనేముందు, హాస్టల్‌కి ఒక బల్ల అడుగుదాం



పోయిన వారం మేము నలుగురం కలిసి చేసిన రిమోట్ ట్రక్కు వీడియో గ్రూపులో పెట్టినాను. గుట్ట మీద, రాళ్ళ సందులో, కంప పక్కన నిదానంగా ఎక్కిపోయే బండి అది. బాగుంది అన్నవాళ్ళందరికీ థాంక్స్. కానీ దాని కింద మూడు మాటలు వచ్చినాయి. వాటికి రెండు లైన్లలో జవాబు చెప్తే సరిపోదు అనిపించి ఈ పెద్ద పోస్టు రాస్తున్నా. ఓపిక చేసుకుని చదవండి.

మొదటి మాట: "ఇరవై ఏళ్ళొచ్చినా ఇంకా బొమ్మలాటేనా?" రెండో మాట: "గుజరీ సామాను ఏరుకోడానికేనా మీ నాయన నిన్ను కాలేజీకి పంపింది?" మూడో మాట: "దీంతో ఉద్యోగం వస్తాదా?"

రాసినవాళ్ళు కోపంతో రాయలేదని నాకు తెలుసు. ఈ మూడు మాటలూ మన ఇండ్లల్లో రోజూ వినేవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇట్లాంటి బండి చేయడం చదువుకి అడ్డం కాదు, అదే చదువు. ఆ చదువుకి మన గిరిజన హాస్టళ్ళలో చోటు లేదు. ఆ చోటు మనం అడిగి తెచ్చుకోవాల.

ముందు ఆ బండి ఏందో చెప్తా. రిమోట్ కారు అంటే మనందరికీ గుర్తొచ్చేది స్పీడు. ఇది దానికి పూర్తిగా ఉల్టా. ఇంగ్లీషులో ట్రెయిల్ ట్రక్ అంటారు, క్రాలర్ అని కూడా అంటారు. నాలుగు చక్రాలకీ పవర్ ఉంటాది. మనిషి నడకకంటే నిదానంగా పోతాది. కానీ రోడ్డు లేని చోట, రాళ్ళ మీద, వంకలోని ఇసుకలో ఆగకుండా పోవాల. అమెరికాలో యాక్సియల్, ట్రాక్సస్ లాంటి కంపెనీలు అసలు జీపులో పదో వంతు సైజులో వీటిని అమ్ముతాయి. ఇక్కడికి తెప్పించుకోవాలంటే పదుల వేల రూపాయలు కావాల. యూట్యూబ్‌లో చూసి కంతుల మీద కొనొద్దు అని తమ్ముళ్ళకి ఇక్కడే చెప్తున్నా. స్కాలర్‌షిప్పు డబ్బు దానికి పెట్టే డబ్బు కాదు.

మా బండి వేరే రకంగా పుట్టింది. చాసీకి ఒక ఇంటి కిటికీ నుంచి తీసేసిన అల్యూమినియం ఛానల్ ముక్కలు. మోటారు, గేర్‌బాక్సు రెండూ ఒక పాత బ్యాటరీ డ్రిల్లు లోపలివి. ఆ డ్రిల్లుకి బ్యాటరీ చచ్చిపోయింది గానీ మోటారు నిక్షేపంగా ఉంది. చక్రాలు 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు, వాటి మీద సైకిల్ ట్యూబు, ఆ పైన పాత టైరు నుంచి కోసిన గట్లు. కరెంటుకి పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోని సెల్స్. కొన్నవి ఐదే: సెకండ్ హ్యాండ్ ఇరుసుల జత 1,000 రూపాయలు, మోటారు స్పీడు కంట్రోలర్ 550, స్టీరింగ్ తిప్పే సర్వో 350, రెండు ఆర్డ్యూయినో నానో బోర్డులు 500, రెండు రేడియో మాడ్యూళ్ళు 240. మొత్తం 2,640. నలుగురం పంచుకున్నాం.

ఇప్పుడు అసలు విషయం. డ్రిల్లుని చిన్న గేరులో పెడితే నిమిషానికి సుమారు 400 చుట్లు తిరుగుతాది. మా చక్రం అడ్డకొలత 10 సెంటీమీటర్లు. అంటే చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు. ఒక చుట్టుకి అంత దూరం పోతే 400 చుట్లకి సుమారు 125 మీటర్లు. గంటకి ఏడున్నర కిలోమీటర్లు. రాళ్ళ మీద అది చానా ఎక్కువ, ఎగిరి బోర్లా పడతాది. ఇరుసులో ఇంకో మూడింతలు తగ్గించే గేరు ఉంది. అప్పుడు గంటకి రెండున్నర కిలోమీటర్లు. స్పీడు మూడింతలు తగ్గితే, రాపిడికి పోయింది పోగా, చక్రాన్ని తిప్పే బలం దాదాపు మూడింతలు పెరుగుతాది. టార్క్ అని పుస్తకంలో ఉండేది ఇదే. నేను ఇంటర్‌లో ఆ ఫార్ములాకి మార్కులు తెచ్చుకున్నాను. దాని బరువు ఎంతో చేతికి తెలిసింది మాత్రం, తిరిగే చక్రాన్ని వేళ్ళతో ఆపబోయి ఆపలేకపోయిన రోజు.

ఇంకో సంగతి. మామూలు బండిలో డిఫరెన్షియల్ ఉంటాది. మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగడానికి అది కావాల. కానీ రాళ్ళ మీద ఒక చక్రం గాలిలోకి లేస్తే, పవర్ అంతా ఆ లేచిన చక్రానికే పోయి ఊరికే గిర్రున తిరుగుతాది. నేల మీదున్న చక్రం కదలదు. ఇది నాకు చెప్పింది ప్రొఫెసర్ కాదు, ట్రాక్టర్ తోలే మా చిన్నాయన. బురదలో ఒక చక్రం దిగబడితే మడమ దగ్గరుండే లాక్ పెడల్ తొక్కుతారు, రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి బయటికొస్తాది. తొక్కిపెట్టి మలుపు తిప్పొద్దు అని కూడా ఆయనే చెప్పినాడు. మా ట్రక్కులో ఆ డిఫరెన్షియల్‌ని శాశ్వతంగా లాక్ చేసేసినాం. అందుకే అది ఎక్కడం బాగా ఎక్కుతాది, మలుపుకి మాత్రం ఎక్కువ చోటు అడుగుతాది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాల. ఇంజినీరింగ్ అంటే రోజూ చేసే ఈ బేరమే అని నాకు అర్థమైంది.

బరువు సంగతీ అంతే. ఎద్దుల బండికి సామాను ఎత్తేటప్పుడు వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తాదని మన పెద్దోళ్ళకి చెప్పాల్సిన పని లేదు. ట్రక్కు కూడా గుట్ట ఎక్కేటప్పుడు ముందు తేలికగా ఉంటే వెనక్కి పల్టీ కొడతాది. బ్యాటరీని తీసి ముందుకి, వీలైనంత కిందికి పెట్టినాం. పడడం ఆగింది. దీన్ని గరిమనాభి అని చదువుకున్నాం. మా తాత చదవకుండానే వాడినాడు.

చేద్దామనుకునేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు. ల్యాప్‌టాప్ సెల్స్‌తో ఆటలొద్దు. ఒక్కో సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. 3 వోల్టుల కిందికి వాడొద్దు. ఎప్పటినుంచో 2 వోల్టుల కింద పడి ఉన్నది, ఉబ్బింది, తుప్పు పట్టింది, చొట్ట పడింది ఏదైనా సరే పక్కన పెట్టేయండి, చార్జింగ్ పెట్టొద్దు. సెల్స్‌ని కాపాడే బోర్డు లేకుండా కలపొద్దు. రాత్రి హాస్టల్ గదిలో చార్జింగ్ పెట్టి నిద్రపోవడం అసలే వద్దు, ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటామో మీకు తెలుసు. మోటారు ఇరుక్కుంటే కరెంటు ఒక్కసారిగా పెరుగుతాది, అందుకే బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టండి. బైకు మెకానిక్ దగ్గర దొరికే 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు. రేడియో మాడ్యూల్‌కి 3.3 వోల్టులే ఇవ్వాల, 5 ఇస్తే కాలిపోతాది. సిగ్నల్ పోతే బండి దానంతటదే ఆగేటట్టు కోడ్ రాసుకోండి. మా బండికి ఆ కోడ్ రాసింది మా తండా చెల్లి, ఇంటర్ రెండో సంవత్సరం.

ఇంక మొదటి మాటకి వస్తా. బొమ్మలాట.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన రోజు మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ ల్యాండర్ లోంచి దిగిన ప్రజ్ఞాన్ ఏంది? 26 కిలోల బండి. ఆరు చక్రాలు, ఒక్కో చక్రానికి ఒక్కో మోటారు. సెకనుకి ఒక్క సెంటీమీటర్ వేగం. రోడ్డు లేని చోట, గుంతల మధ్య, దూరం నుంచి నడిపించే నిదానం బండి. దాన్ని బొమ్మ అన్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

ఇది ఎక్కడో జరిగిన కథ కూడా కాదు. మన రాయదుర్గం, కళ్యాణదుర్గం దాటితే చిత్రదుర్గం జిల్లా చళ్లకెరె. చంద్రయాన్-2 అప్పుడు అక్కడి ఉళ్ళార్తి కావలు దగ్గర ఇస్రోవాళ్ళు చంద్రుడి మీద ఉండేటట్టు గుంతలు తవ్వి, ల్యాండర్ సెన్సార్లని పరీక్షించినారు. మనది, వాళ్ళది ఒకటే ఎండిన పీఠభూమి. చంద్రుడి మట్టిలాంటి మట్టి కావాల్సి వస్తే తమిళనాడులో నామక్కల్ ప్రాంతం ఊర్ల నుంచి అనార్థొసైట్ రాయి తెచ్చి పొడి చేసుకున్నారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా అని, కరువు సీమ అని మనల్ని జాలిగా చూస్తారు. మన గుట్టలూ వంకలూ బండ్లని పరీక్షించడానికి పనికొచ్చే నేల అని మనమెందుకు చూసుకోకూడదు?

అమెరికాలో నాసాకి చెందిన జేపీఎల్ 2018లో ఒక చిన్న రోవర్ నమూనా అందరికీ ఫ్రీగా ఇచ్చింది. బజారులో దొరికే సామాన్లతో విద్యార్థులే చేసుకోవచ్చని. వాళ్ళ లెక్క 2,500 డాలర్లలోపు. మన హాస్టల్ పిల్లలకి అది అందేది కాదు. కానీ మార్స్ మీదికి బండ్లు పంపేవాళ్ళే పిల్లలూ ఇట్లా చేసి నేర్చుకోండి అంటుంటే, మనం మాత్రం బొమ్మలాట అంటున్నాం.

రెండో మాట, గుజరీ. ఇది నన్ను బాగా గుచ్చుకున్న మాట. ఎందుకంటే ఇందులో నిజం ఉంది.

మనల్ని ఎప్పుడూ పాత సామాను దగ్గరే నిలబెట్టినారు. పాత బట్టలు, పాత పుస్తకాలు, వేరేవాళ్ళు వాడి వదిలేసిన బెంచీలు. ఇప్పుడు నేనొచ్చి "పాత సామాన్లతో చేసుకుందాం, ఎంత గొప్పో చూడండి" అంటే పెద్దోళ్ళకి మండుతాది. మండాల కూడా. లేమిని గొప్పగా చూపించి, ఉన్నదాంట్లో సర్దుకోమని చెప్పేవాళ్ళు మనకి చానామంది ఉన్నారు. ఇంకోరకం కూడా ఉన్నారు: "ట్రైబల్ పిల్లలకి లెక్కలు రావు, చేతిపని నేర్పిస్తే చాలు" అనేవాళ్ళు. నా పోస్టు వాళ్ళ చేతిలో ఆయుధం కావడం నాకు ఇష్టం లేదు. అందుకే గట్టిగా చెప్తున్నా: నేను అడిగేది లెక్కలకి బదులు చేతిపని కాదు. చేతిపని, లెక్క రెండూ ఒకే బల్ల మీద కావాల. గుజరీ నుంచి మొదలుపెట్టినాం, ఎందుకంటే మా దగ్గర ఉన్నది అదే. అక్కడే ఆగిపోవాలని కాదు.

ఇంకో సంగతి. దారి లేని చోట బండి నడపడం మన జాతికి కొత్త కాదు. తండా అంటే ఈరోజు ఊరి బయట ఇండ్లు. మొదట్లో తండా అంటే నడిచే బిడారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఎత్తుకుని రోడ్డు లేని దేశమంతా తిరిగి, సైన్యాలకి కూడా తిండి చేరవేసినవాళ్ళు మన లంబాడీలు. ఏ ఎద్దు ఎంత మోయగలదు, ఏ కనుమ ఎక్కగలదు, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి అన్నది వాళ్ళకి లెక్క. ఈరోజు లాజిస్టిక్స్ అని ఎంబీఏలో చెప్పేది అదే. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ బతుకు పోయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. తిరిగే బతుకుల మీదే అనుమానం ముద్ర పడింది. మన గ్రూపులోని ఎరుకల అన్నలకి ఆ చరిత్ర ఇంకా బాగా తెలుసు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు వాళ్ళ తాతల అనుభవం. 1952 ఆగస్టు 31న దేశం ఆ ముద్ర తీసేసింది. కానీ ముద్రతో పాటు పోయిన పనితనాన్ని ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు. మన చేతిలో ఉండే నేర్పుని నేర్పు అని పిలవడం మనమే మానేసినాం.

బోరు మోటారు చెడితే విప్పి కట్టే మామ, ట్రాక్టర్ చప్పుడు విని రోగం చెప్పే చిన్నాయన, వైండింగు అంగట్లో పదేళ్ళ నుంచి రాగి తీగ చుట్టే అన్న. వీళ్ళని మనం "చదువుకోలేదు" అనే ఒక్క మాటతో పక్కన పెడతాం. నా మొదటి ముగ్గురు గురువులు వాళ్ళే.

మూడో మాట, ఉద్యోగం. అబద్ధం చెప్పను. ఈ బండి చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు.

కానీ ఒకటి చూడండి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఆ కార్లు మన రోడ్ల మీదనే పోతున్నాయి. అట్లాంటి ఫ్యాక్టరీల్లో గేటు దగ్గర, క్యాంటీన్లో, క్లీనింగులో మాత్రమే మనవాళ్ళు ఉండాలా? మెషీన్ దగ్గర, డిజైన్ దగ్గర కూడా ఉండాలంటే ఇంటర్వ్యూలో "నువ్వు సొంతంగా ఏం చేసినావు" అన్న ప్రశ్నకి జవాబు ఉండాల. ఇక్కడ మనందరికీ తెలిసిన ఒక రహస్యం ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టులు కొనుక్కుంటారు. రిపోర్టుతో సహా అంగట్లో దొరుకుతాయి. డబ్బున్నోళ్ళ పిల్లలు కొనుక్కున్నా వాళ్ళకి ఇంకో దారి ఉంటాది, మామో బాబాయో ఎక్కడో ఒకచోట పెట్టిస్తాడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కిన మనకి ఆ మామ లేడు. ఈ గేరు ఎందుకు పెట్టినావు, ఈ వైరు ఎందుకు ఇంత లావు అని అడిగితే తడబడకుండా చెప్పడమే మనకున్న సిఫారసు.

మరి ఏం చేయాల? కేంద్రం 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు పెడుతోంది. ఒక్కో స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు. ఐదేళ్ళలో ప్రభుత్వ స్కూళ్ళలో ఇంకో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పినారు. మంచిదే. కానీ సామాను రావడం వేరు, పిల్లోడి చేతికి రావడం వేరు. నేను చదివిన స్కూల్లో సైన్సు సామాను బీరువాకి తాళం ఉండేది, ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే తెరిచేవాళ్ళు. పగిలితే ఎవరు కట్టాల అన్న భయం వాళ్ళది. ఆ భయం పోవాలంటే పాడైపోయినా పర్వాలేదు అనే సామాను ఉండాల. గుజరీ సామాను గొప్పదనం అది ఒక్కటే. దాన్ని విప్పడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

అందుకే నేను అడిగేది ల్యాబు కాదు. బల్ల. ప్రతి గిరిజన హాస్టల్లో, గురుకులంలో ఒక గట్టి బల్ల, మీద ఒక లైటు. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, హ్యాక్సా, ఒక చిన్న వైసు, స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కళ్ళద్దాలు, ఒక బకెట్ ఇసుక. ఇసుక ఎందుకంటే నిప్పు భయానికి. ఆదివారం రెండు గంటలు. తాళంచెవి పెద్ద క్లాసు పిల్లల చేతిలో, రిజిస్టర్‌లో సంతకంతో. నెలకి ఒకసారి ఊర్లోని వైండింగు మెకానిక్‌నో ట్రాక్టర్ మెకానిక్‌నో పిలిపించి, గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చినట్టే డబ్బులిచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పించుకోవాల. ఊరికే పిలిచి పని చేయించుకోవడం కాదు.

ఇంకోటి, ఇది మగపిల్లలు వినాల. ఆ బల్ల ముందు ఆడపిల్లల హాస్టల్‌కే పోవాల. మేము సాయంత్రం గేటు దాటి గుజరీ అంగడికి, మెకానిక్ దగ్గరికి పోగలం. మా చెల్లికి ఆ వీలు లేదు. కోడ్ రాసింది తను, బండి నడిపి వీడియోలో కనపడింది మేము. బల్ల వాళ్ళ గేటు లోపల ఉంటే ఈ లెక్క మారతాది.

ఇదంతా ఎవరో చేస్తారని ఎదురుచూస్తే మనం డిగ్రీ అయిపోయి బెంగళూరు బస్సెక్కేస్తాం. అందుకే రెండు పనులు అనుకున్నాం. ఒకటి, ఐటీడీఏకి, జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి ఇవ్వడానికి వినతిపత్రం రాస్తున్నాం. హాస్టళ్ళ పేర్లు, పిల్లల సంఖ్య, సామాన్ల లిస్టు, ధరలతో సహా. మీ హాస్టల్ వివరాలు పంపితే అందులో కలుపుతాం. రెండు, మీ ఇంట్లో చెడిపోయిన డ్రిల్లు, పాత ప్రింటర్, విరిగిన రిమోట్ కారు, పనిచేయని ఫ్యాన్ ఉంటే కేజీల లెక్కన అమ్మేయకండి, గ్రూపులో ఒక మాట చెప్పండి. అనంతపురంలో ఉన్నవాళ్ళ దగ్గరికి మేమే వచ్చి తీసుకుంటాం.

నా అభిప్రాయంతో ఒప్పుకోనివాళ్ళు కూడా కింద రాయండి. ముఖ్యంగా గుజరీ మాట అన్న అన్న. నీ మాటలో న్యాయం ఉంది అన్నా, నీతో ఇంకా మాట్లాడాల.

జై సేవాలాల్.